ఫసలీ 1376: ఒంగోలు భూకంపం కాగితాల కోసం నా తిప్పలు

నిన్న రాత్రే ఇల్లు చేరాను. గోళ్ళ సందుల్లో ఇంకా పాత కాగితాల దుమ్ముంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

1967 మార్చి 27న ఒంగోలు దగ్గర వచ్చిన భూకంపం మీద పనిచేస్తున్నాను. పట్టికల్లో మ్యాగ్నిట్యూడ్ 5.4 అని ఉంటుంది. అది వెతకడానికి అరగంట చాలు. కానీ ఏ ఊరు ఎంత ఊగిందో ఆ అంకె చెప్పదు. గోడ బీటవారిందా, కూలిందా, అది మట్టిగోడా, సున్నంతో కట్టిందా అని ఊరూరా వివరాలు పోగేస్తే తప్ప మ్యాపు మళ్ళీ గీయలేం. ఒకరి పట్టిక చూసి ఇంకొకరు దించుకోవడమేగానీ, అసలు కాగితం చూసినవాడెవడు? నేను చూశాను. చెప్పుకోవడంలో తప్పేముంది!

పాత పత్రికలు లైబ్రరీలో రెండు రోజుల పని. మాస్కు పట్టుకెళ్ళండి, అంతే.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. అదే ఏడాది డిసెంబరు 11న మహారాష్ట్రలో కొయినా భూకంపం, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం భూకంపం, ఆ తర్వాతి నెలలో తుపాను. అన్నీ కలిసిపోయాయి వాళ్ళకి. మా పెద్దత్త "ఇదేరా భూకంపానికి పడ్డ గోడ" అని చూపించింది. ఇంకాస్త కదిపితే, ఆ రాత్రంతా కుండపోత వానంది!

అసలు నరకం రెవెన్యూ ఆఫీసుల రికార్డు గది. ఏ ఊరి ఆఫీసో చెప్పను.

మొదటిచోట మూడు వారాలు తిరిగాక ఒకాయన నా ఉత్తరం చదివి, "ప్రకాశం జిల్లా 1967 కాగితాలా? అప్పటికి ఈ జిల్లా పుట్టిందా సార్?" అన్నారు. నిజమే. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. భూకంపం నాటికి ఒంగోలు గుంటూరు జిల్లా, కందుకూరు నెల్లూరు జిల్లా, మార్కాపురం కర్నూలు జిల్లా. ఇక్కడే పుట్టిపెరిగిన నాకు తెలియదా? తెలుసు. ఉత్తరం టైపు చేయించేటప్పుడు తట్టలేదు.

ఉత్తరం మార్పించుకుని రెండోచోటికి వెళ్ళాను. భోజనాల వేళ దాటేదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, సీట్లో ఉన్నాయన తలెత్తకుండా అడిగారు.

"ఏ ఫసలీ?"

"1967 మార్చి సార్."

"నేనడిగింది ఫసలీ."

నోట మాట రాలేదు. ఆయన వెనక్కి తిరిగి, గదంతా వినబడేలా, "ఒరేయ్, పీహెచ్‌డీ అంట, ఫసలీ తెలీదంట!" అన్నారు. కంప్యూటర్ దగ్గరి అమ్మాయి నుంచి పాస్‌బుక్ కోసం వచ్చిన రైతు దాకా అందరూ నవ్వారు. పన్నెండేళ్ళుగా పాఠాలు చెప్పేవాణ్ణి, చెవులు కాలిపోయాయి. తెలియనిది చెప్పడానికి నోరు రాదు గానీ వెక్కిరించడానికి ఎంత పెద్ద గొంతో! ఆ కుర్చీకి జీతమిచ్చేది మనమే.

బయట టీ బడ్డీ దగ్గర నిలబడితే, కట్టలు మోసే పెద్దాయన వెనకాలే వచ్చారు. "ఫసలీ అంటే రెవెన్యూవాళ్ళ ఏడాది బాబూ, జులై నుంచి జూన్ దాకా. జనవరి, జూన్ మధ్య తేదీ అయితే ఇంగ్లీషు ఏడాదిలోంచి 591 తియ్యి. జులై పడితే 590." అరచేతి మీద లెక్క వేశాను. 1376. ఈ ముక్క నా గైడుగారు చెప్పలేదు, నేను చదివిన ఏ పేపర్లోనూ లేదు. ఆ సీటు ఈయనకివ్వాలి.

సంతకం పెట్టేవారు లేరని ఇంకో నాలుగు రోజులు తిప్పి, ఎర్రగుడ్డ మూట ముందు పడేశారు. జిరాక్సు కుదరదన్నారు, చేత్తో రాసుకోవాలి. అడంగల్, అంటే ఊరి పొలాల లెక్కల పుస్తకం, పుటలన్నీ తిప్పాను. సర్వే నంబరు, పంట, నీరు, శిస్తు. భూకంపం మాటే లేదు. ఎందుకుంటుంది? కరణం రాసేది పొలం సంగతి. ఇల్లు కూలితే ఆ గడుల్లో చోటెక్కడ? ఖాళీగా ఉంది కాబట్టి ఆ ఊరు ఊగలేదని తేల్చేవాళ్ళున్నారు, వాళ్ళను నమ్మకండి.

అడుగున విడి కాగితం ఒకటి దొరికింది. ఇల్లు బాగుచేసుకోవడానికి సాయం కోరుతూ ఎవరో పెట్టుకున్న అర్జీ. పరాభవ సంవత్సరం ఫాల్గుణ పున్నమి మర్నాడు భూమి అదిరి పెంకుటింటి తూర్పు గోడ పడిందని రాసి ఉంది. ఇంగ్లీషు తేదీ లేదు. పక్కన చూస్తున్నవాళ్ళు ఏ ఏడాదో ఏమోలే అన్నారు. ఈసారి నోరు నాది. 1967లో ఉగాది ఏప్రిల్ 10న, అంటే మార్చికి ఇంకా పరాభవ సంవత్సరమే. కాముని పున్నమి మార్చి 26న. మర్నాడు 27. సీట్లో ఉన్నాయన వినేలా గట్టిగానే చెప్పాను. ఆయన ఫైల్లోంచి తల ఎత్తలేదు.

ఒక గోడ, ఒక దిక్కు, ఒక తేదీ. గోడ మట్టిదో ఇటుకదో అర్జీలో లేదు. ఆదివారం ఆ ఊరెళ్ళి ఇల్లు వెతకాలి. మీ తాతగారు కరణమైతే అటక మీద మూటలుంటాయేమో చూడండి. 1984లో కరణీకాలు పోయాక అన్నీ ఆఫీసులకు చేరలేదు.

ఇక చీరాల వైపు కాగితాలు మిగిలాయి. 1967లో గుంటూరు, 1970 తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పొద్దున దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. ఊరు, తాలూకా, ఫసలీ రాసేశాను. జిల్లా గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెద్దాయనకు ఫోన్ చేయాలి.