పోర్ట్‌లాండ్ ట్యాప్‌రూమ్‌లో తెలుగు నాలుక

ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లకు శుక్రవారం సాయంత్రం టీముతో ట్యాప్‌రూమ్‌కి, అంటే కుళాయిల్లోంచి రకరకాల బీర్లు పోసిచ్చే చోటికి, వెళ్లడం దాదాపు ఉద్యోగంలో భాగమే. గోడ మీద బోర్డు ఉంటుంది. ఒక్కో కుళాయికీ ఒక పేరు, ఏబీవీ (ఆల్కహాలు) శాతం, ఐబీయూ (చేదు కొలత) అంకె, కింద ‘పైన్, గ్రేప్‌ఫ్రూట్, స్టోన్‌ఫ్రూట్’ అని ఒక వరస. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి, ‘ఏదైనా లైటుది ఇవ్వండి’ అని తప్పుకుంటారు. ఆ పళ్లు తిని పెరగలేదు కాబట్టి రుచి చెప్పడం మనకు చేతకాదనుకుంటారు. అది పొరపాటు. మన ముక్కుకి తెలిసిన వాసనలతో మొదలుపెట్టి, వాటిని అక్కడి మాటలకు ముడివేసుకుంటే చాలు.

గ్రేప్‌ఫ్రూట్ సంగతే చూడండి. పంపరపనసకీ తియ్య నారింజకీ పుట్టిన సంకరం అది. పంపరపనస తొక్క గిల్లితే చిమ్మే నూనె వాసన తెలిసినవాళ్లకు కాస్కేడ్ హాప్స్ వాసన సగం తెలిసినట్టే. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు. ఆ కాస్కేడ్ పుట్టిందీ ఇక్కడే. ఒరెగాన్‌లోని కొర్వాలిస్‌లో అమెరికా వ్యవసాయ శాఖ పెంపకం కార్యక్రమం నుంచి 1972లో బయటికొచ్చింది. తయారుచేసిన బీరుని అక్కడే గ్లాసుల్లో పోసి అమ్ముకోవచ్చని రాష్ట్రం చట్టం చేసింది 1985లో. ఇప్పుడు వీధివీధికీ కనిపించే ట్యాప్‌రూములకు మూలం అదే.

మొదటిసారి పైంటు (పెద్ద గ్లాసు) తీసుకోవద్దు, ఫ్లైట్ అడగండి. నాలుగైదు ఔన్సుల చిన్న గ్లాసులు నాలుగు ఒక చెక్కపలక మీద పెట్టి ఇస్తారు. తేలికైన పిల్స్‌నర్, గోధుమ బీరు, హాప్స్ చేదు ఎక్కువున్న ఐపీఏ, నల్లగా చిక్కగా ఉండే స్టౌట్, ఈ వరసలో తాగాలి. రంగుని బట్టి కాదు, చేదునీ బరువునీ బట్టి. ఐపీఏ ముందు తాగితే దాని చేదు నాలుక మీద కూర్చుంటుంది, తర్వాత పిల్స్‌నర్ నీళ్లలా అనిపిస్తుంది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య రెండు గుక్కల మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్ ముక్క. మిర్చి తగిలిన తిండి ముందే తినకండి. కారం మీద హాప్స్ చేదూ, ఆల్కహాలూ, గ్యాసూ మూడూ మంటను పెంచుతాయి. తినే తీరాలంటే ఆ పూటకి ఐపీఏ వదిలి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపి ఉన్న ఆంబర్ బీరు గానీ బ్రౌన్ బీరు గానీ తీసుకోండి.

గ్లాసు చేతికి రాగానే చూడాల్సింది రంగు కాదు, గోడలు. బీరు లోపల బుడగలు గాజుకి అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదని అర్థం. ఆ జిడ్డు నురగని చంపేస్తుంది. మార్చమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. బాగా కడిగిన గ్లాసులో గుక్కగుక్కకీ నురగ వలలాగా గోడకి మిగులుతుంది.

తర్వాత వాసన, అదీ నురగ ఉండగానే. గ్లాసు మీద అరచెయ్యి మూసి రెండుసార్లు తిప్పి, చెయ్యి తీసి చిన్న చిన్నగా పీల్చండి. గట్టిగా ఒకే పీలుపు పీలిస్తే ముక్కు అలిసిపోతుంది. ఏ వాసనా రాకపోతే బీరు మరీ చల్లగా ఉందేమో చూడండి. పిల్స్‌నర్‌కి 4 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. ఆల్కహాలు 10 శాతం దాటిన ఇంపీరియల్ స్టౌట్‌కి 10 నుంచి 13 డిగ్రీలు కావాలి, కాబట్టి దాన్ని పావుగంట పక్కన పెట్టాల్సిందే. గుక్క మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలావరకు ఆ గాలిలోనే తెలుస్తుంది.

గోధుమ బీరు దగ్గర చాలామంది తికమకపడతారు. బవేరియా పద్ధతి హెఫెవైజెన్‌లో మాగిన అరటిపండు, లవంగం వాసనలు రావాలి. అందులో పండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు, రెండూ ఈస్ట్ చేసే పనే. కానీ పోర్ట్‌లాండ్‌లో విడ్మర్ వాళ్లు 1986లో మొదలుపెట్టిన హెఫెవైజెన్ వేరే ఈస్ట్‌తో చేసింది. మబ్బుగా ఉంటుంది కానీ అరటిపండు ఉండదు. పేరు ఒకటే, శైలి వేరు. అందుకే అమెరికా పద్ధతా, జర్మన్ పద్ధతా అని అడగకుండా ‘అరటి వాసన లేదు’ అని మార్కులు కొయ్యడం అన్యాయం. బెల్జియం విట్‌బియర్ సంగతి వేరు, దాంట్లో నిజంగానే ధనియాలూ నారింజ తొక్కా వేస్తారు.

మన భాష బాగా అక్కరకొచ్చేది ఐపీఏ దగ్గర. చేదు వేరు, వగరు వేరు. కాకరకాయది చేదు. నేరేడుపండు తిన్నాక నాలుక గరుకై పీక్కుపోయినట్టు ఉండేది వగరు. ఇంగ్లీషులో కొత్తగా రుచి చూసేవాళ్లు రెంటినీ ‘బిట్టర్’లో కలిపేస్తారు. కానీ వాటి కారణాలు వేరు. చేదు హాప్స్‌ని మరిగించడం వల్ల వస్తుంది, ఐపీఏలో అది ఉండాల్సిందే. వగరు చాలాసార్లు ధాన్యం పొట్టు నుంచి వస్తుంది. మరీ వేడి నీళ్లతో ఎక్కువసేపు కడిగితే పొట్టులోని టానిన్లు అనే వగరు పదార్థాలు దిగుతాయి. అది తయారీలో తప్పు. వగరుకి ‘ఆస్ట్రింజెంట్’ అనే ఒక్క మాట నేర్చుకుని చోటు చూసి వాడితే చాలు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మీ వైపు తిరుగుతారు.

ఐబీయూ అంకెనూ గుడ్డిగా నమ్మొద్దు. 60 ఉన్న వెస్ట్‌కోస్ట్ ఐపీఏ గొంతులో చేదుగా నిలుస్తుంది, పంపరపనస తొక్కతో పాటు గుగ్గిలం వాసన కొడుతుంది. అదే 60 స్టౌట్‌లో మాల్ట్ తీపి కింద అణిగిపోతుంది. మబ్బుగా ఉండే హేజీ ఐపీఏలో హాప్స్ ఎక్కువభాగం ఆఖర్న, మరుగు ఆగాక వేస్తారు, ఓట్స్ కూడా కలుపుతారు. అందుకే చేదు తక్కువ, మామిడి, జామ వాసనలు ఎక్కువ.

గోసె అనే జర్మన్ పుల్ల బీరులో ధనియాలూ ఉప్పూ ఉంటాయి. ఉప్పేసిన పులిసిన మజ్జిగ తేట గుర్తొస్తే సరిగ్గానే ఉన్నట్టు, రెంటి పులుపూ లాక్టిక్ ఆమ్లమే. పొద్దెక్కిన కల్లులా ముక్కులోకి వెనిగర్ ఘాటు కొడితే మాత్రం చెడినట్టు. మిల్క్ స్టౌట్‌లో పాల చక్కెర వేస్తారు, బీరు ఈస్ట్ దాన్ని తినలేదు కాబట్టి తీపి మిగిలిపోతుంది. పాలు పడనివాళ్లకు అది కూడా పడకపోవచ్చు. శాకాహారులు ఇంగ్లీషు కాస్క్ ఏల్ (పీపాలోంచి నేరుగా పోసే బీరు) తీసుకునే ముందు, తేట చెయ్యడానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడారేమో అడగడం మంచిది.

తప్పుల్లో నాలుగు గుర్తుంటే చాలు. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన డయాసిటైల్‌ది. పులియబెట్టడం తొందరగా ఆపితే వస్తుంది, కుళాయి గొట్టాలు రెండు వారాలకోసారి కడగకపోయినా వస్తుంది. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించడం చాల్లేదని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని. రాత్రి హైవే మీద కారు అద్దం దించితే వచ్చే స్కంక్ అనే జంతువు కంపు పచ్చ సీసాకి వెలుతురు తగలడం వల్ల. దుకాణంలో ఐపీఏ డబ్బా కొనేటప్పుడు అడుగున తేదీ చూడండి. మూడు నెలలు దాటినదీ, ఫ్రిజ్ బయట పెట్టినదీ వద్దు.

రాసుకోవడానికి బీరు పోటీల్లో మార్కులు వేసే బీజేసీపీ న్యాయనిర్ణేతల పద్ధతి బాగుంటుంది. మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోటిలో బరువుకి 5, మొత్తం మీద 10. ఒక మచ్చు: ‘వెస్ట్‌కోస్ట్ ఐపీఏ, 6.8 శాతం. వాసన పంపరపనస తొక్క, వెనక గుగ్గిలం, వెన్న లేదు: 10. తేట రాగిరంగు, నురగ నిలిచింది: 3. చేదు శుభ్రంగా మొదలై చివర్లో వగరుకి తిరిగింది: 14. పలచన, గ్యాసు సరిగ్గా ఉంది: 4. రెండో గ్లాసు అడిగేంత కాదు: 7. మొత్తం 38.’ ‘బాగుంది’ అని రాస్తే నెల తర్వాత మీకే ఏమీ గుర్తురాదు.

ఇక లెక్క. అయిదు ఔన్సుల గ్లాసులు నాలుగు, సగటున 7 శాతం అనుకుంటే అందులో 1.4 ఔన్సుల ఆల్కహాలు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 0.6 ఔన్సు. అంటే చిన్నగా కనిపించే ఆ పలక మీద రెండుంపావు డ్రింకుల పైనే ఉంది. ఒరెగాన్‌లో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాలు హద్దు 0.08 శాతం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తాగి నడిపి పట్టుబడితే కోర్టు తేల్చేలోపే కాన్సులేట్ వీసా స్టాంపు రద్దు చెయ్యొచ్చు, 2015 నుంచి అరెస్టు ఒక్కటే అందుకు చాలు. హిల్స్‌బరో నుంచి పోర్ట్‌లాండ్ నడిబొడ్డుకి మ్యాక్స్ బ్లూలైన్ రైలుంది, కారు ఇంటి దగ్గరే ఉంచండి. గుర్తింపు కోసం భారత లైసెన్సు కాకుండా పాస్‌పోర్టు పెట్టుకోండి.

వెళ్లడానికి మంచి కాలం సెప్టెంబరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా, ఒరెగాన్‌లోని విల్లమెట్ లోయల్లో హాప్స్ కోత నడుస్తుంటుంది. కోసిన పచ్చి పువ్వుల్ని ఎండబెట్టకుండా ఒక రోజులోపే కాగులో వేసి చేసిన ఫ్రెష్ హాప్ బీర్లు ఆ నెలాఖరుకి కుళాయిలకొస్తాయి. అప్పుడే కోసిన గడ్డి పచ్చివాసన, దాని వెనక నిమ్మాకు. కొన్ని వారాల్లోనే ఆ పచ్చిదనం పోతుంది, కాబట్టి తాగిన రోజు తేదీ కూడా పక్కన రాసుకోండి.