ఐదో రహస్యం

2025 అక్టోబరు 16, గురువారం

తెల్లవారుజామున గుడి గంట మోగేసరికే అమ్మ లేచి మంచం మీద కూర్చుని ఉంది. సోమవారం గుంటూరులో ఆమె కుడి కంటికి శుక్లం ఆపరేషను చేశారు, మంగళవారం కట్టు విప్పారు. వేళకు చుక్కలు వేయాలి, కంటికి నీళ్లు తగలకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, వంగి బరువులు ఎత్తకూడదు. ఈ నాలుగు నియమాలనూ అమ్మ చేత పాటింపజేయడానికే నేను బడికి సెలవు పెట్టి వచ్చాను. మూడు రోజుల్లో నాలుగింటినీ తప్పింది.

నాన్న పూజకు వెళ్లారు. అమ్మ నల్ల కళ్లద్దాలు తీసి, ఎడమ కన్ను చేత్తో మూసుకుని, గోడ అరలో ఉన్న లూర్దుమాత స్వరూపం వైపు చాలాసేపు చూసింది. ప్రార్థన చేసుకుంటున్నదని నేను చప్పుడు చేయలేదు.

"ఆ నడుము పట్టీ నీలం రంగుదా?" అంది చివరికి.

"మొదటి నుంచీ నీలమే కదమ్మా."

"బూడిద రంగుకు తిరిగిందనుకున్నాను. ఆ కిరీటం మీద దుమ్ము చూడు. ఆమెను ఇంత దుమ్ములో నిలబెట్టి రోజూ వందనాలు చెబుతున్నామా!"

ఇక నా పని మొదలైంది. ఆ స్వరూపాన్ని నేను పుట్టకముందే గుణదల తిరునాళ్లలో కొన్నారు. మా ఏడుగురి పుట్టు వెంట్రుకలూ ఆ కొండ కిందే తీయించారు. ఫిబ్రవరి 11 వస్తుందంటే చాలు, మా ఇంట్లో ఎవరో ఒకరి మొక్కు బాకీ ఉండేది. తడిగుడ్డతో మాత ముఖం తుడుస్తుంటే అమ్మ వెనక నిలబడి ఎక్కడెక్కడ మరక మిగిలిందో చూపిస్తూనే ఉంది. చూపు వచ్చిన మనిషితో ఇల్లు సర్దడం ఎంత కష్టమో ఈ మూడు రోజుల్లో తెలిసింది. నా తలలో తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టింది.

పక్కనే విచారణ క్యాలెండరు, అంటే మా చర్చివాళ్లు ఇచ్చేది, వేలాడుతున్నది. కతోలికుల ఇళ్లలో పెరిగినవారికి అది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏ రోజు ఏ పునీతుడి పండుగ, గురువులు ఏ రంగు పూజావస్త్రాలు వేసుకుంటారు, ఏ పఠనం చదువుతారు, అన్నీ ఉంటాయి. అమ్మ దాన్ని పద్దుల పుస్తకంగా వాడుతుంది. తేదీ గళ్లలో పెన్సిలుతో పుట్టుకలు, జ్ఞానస్నానాలు, భద్రమైన అభ్యంగనాలు, పెళ్లిళ్లు, చావులు. వాటి పక్కనే "గేదె ఈనింది, పెయ్యదూడ", "మిరపనారు పోశాం", "చిన్నవాడికి మొదటి పన్ను". అమ్మ లెక్కలో అన్నీ ఒకే సైజు అక్షరాలు. మేం ఏడుగురం, మా పిల్లలు పద్నాలుగు మంది. ఇంతమందికి ఏటా ఖాళీగా మిగిలే వారం ఒక్కటి కూడా లేదు. చూపు మందగించాక ఈ రెండేళ్లుగా అమ్మ చెబుతుంటే తమ్ముడో మరదలో రాస్తున్నారు. తమ్ముడి రాత కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి 2024 సంవత్సరంలో మా కుటుంబానికి ఏం జరిగిందో ఎవరికీ సరిగా తెలియదు.

ఏడింటికి బుజ్జి లేచింది. తమ్ముడి కూతురు, ఎనిమిదేళ్లు. వచ్చే నెల క్రీస్తురాజు పండుగ నాడు దానికి ప్రథమ దివ్యసత్ప్రసాదం, పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని మొదటిసారి తీసుకోవడం. తెల్ల గౌను కుట్టడానికి ఇచ్చారు. సిస్టరమ్మ దగ్గర జపాలన్నీ అప్పగించింది. నిన్న పెరట్లో తన తమ్ముణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టి, గుండ్రటి బిస్కెట్టును నాలుగు ముక్కలు చేసి నాలుక మీద పెడుతూ తర్ఫీదు ఇస్తున్నది. వాడు "ఆమెన్" అనకుండా మింగేశాడని ఒకటి వేసింది కూడా. నా చిన్నప్పుడు మా తమ్ముడు ఇదే పెరట్లో అమ్మ పాత చీర భుజాల మీద కప్పుకుని ఫాదర్‌గారి వేషం వేసేవాడు. ప్రసంగం మాత్రం చాలా పొడుగు. ఇప్పుడు అదే మనిషి ఆదివారం ప్రసంగం పావుగంట దాటితే గడియారం చూస్తాడు.

పాల గ్లాసు చేతికి ఇవ్వగానే బుజ్జి అడిగింది, "అత్తా, నువ్వు ఎప్పుడు వెళ్తావు?"

"ఏమే, నేను ఉండటం ఇష్టం లేదా?"

"నువ్వు ఉంటే రెండోది నీకు ఇస్తారు."

అప్పటికిగాని నాకు విషయం అర్థం కాలేదు. ఇక్కడ కాస్త మా ఇంటి చట్టం చెప్పాలి.

జపమాలలో రోజుకు ఐదు రహస్యాలు, అంటే క్రీస్తు, మరియమ్మల జీవితంలో నుంచి ధ్యానించుకునే ఐదు ఘట్టాలు. ఒక్కో రహస్యానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వస్తోత్రం. సగం ఒకరు మొదలుపెట్టి చెబితే మిగతా సగం అందరూ అందుకుంటారు. మొదలుపెట్టేవారు ఎవరన్నదే మా ఇంట్లో అసలు రాజకీయం. మొదటిది నాన్నది. మిగిలినవి నాలుగు, పిల్లలం ఏడుగురం. ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకున్నవారికే సొంత రహస్యం అని నాన్న నియమం పెట్టారు, అదీ ఖాళీ ఉంటేనే. రెండోది పెద్దక్కది, మూడోది పెద్దన్నయ్యది, నాలుగోది చిన్నక్కది, ఐదోది చిన్నన్నయ్యది. ఐదోదాన్నయిన నేను, నా తర్వాత చెల్లి, తమ్ముడు, బదులు చెప్పే గుంపులో మిగిలిపోయాం. అమ్మ కూడా మా గుంపులోనే ఉండేది. చంకలో ఒకడు, పొయ్యి మీద పప్పు, మధ్యమధ్య వంటింట్లో నుంచే "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకునేది. ఆమెకు రహస్యం లేదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకు ఈ రోజు వరకూ తట్టలేదు.

1991 జూన్‌లో పెద్దక్క ఇంటర్మీడియెట్ అయి మఠంలో చేరడానికి వెళ్లింది. నాకు ఎనిమిదేళ్లు. బస్సు దగ్గర అందరూ ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే లోపల లెక్క వేసుకున్నాను, ఇవాళ రాత్రి రెండోది నాది. అంత సంతోషం, అంత సిగ్గు ఒకేసారి మళ్లీ ఎప్పుడూ కలగలేదు. దీన్ని పాపసంకీర్తనంలో, గురువుల దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, కూడా చెప్పాను. గురువులు నవ్వు ఆపుకోవడం జాలీ అవతల నుంచి వినిపించింది. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. అవి కూడా నేనే మొదలుపెట్టుకుని చెప్పుకున్నాను.

ఆ తర్వాత పెద్దన్నయ్య ఉద్యోగానికి వెళ్లాడు, మూడోది చెల్లికి వచ్చింది. చిన్నక్క పెళ్లయింది, నాలుగోది తమ్ముడికి. మా పెళ్లిళ్లయ్యాక నాది నాన్న దగ్గరికి తిరిగి వెళ్లింది, చెల్లిది మరదలు కాపురానికి వచ్చిన వారానికే ఆమెకు అప్పగించారు. ఇప్పుడు నేను వచ్చినప్పుడల్లా రెండోది మళ్లీ నాదే అవుతుంది, నేను వెళ్లగానే నాన్న రెండు చెబుతారు. బుజ్జి కన్ను ఆ ఖాళీ మీద ఉంది.

మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే ట్రంకు పెట్టె తీశాను. పాత క్యాలెండర్లు చుట్టలు చుట్టి, దారం కట్టి, ఏళ్ల వరసన పెట్టుకుంది. 1991 జూన్ విప్పాను. "పెద్దమ్మాయి వెళ్లింది. రెండోది బుల్లిదానికి." బుల్లిది అంటే నేను. ఆ గడిలో అంతకు మించి చోటు లేదు. మిగతావీ వెతికాను. చెల్లికి మూడోది, తమ్ముడికి నాలుగోది, మరదలికి మూడోది, అన్నీ ఉన్నాయి, తేదీలతో సహా. 2004లో చిన్నన్నయ్య అమెరికా వెళ్లిన రోజు చూశాను. "చిన్నబ్బాయి విమానం ఎక్కాడు" అని మాత్రమే ఉంది. ఆ రాత్రి నుంచి ఐదోది అమ్మది. ఆ సంగతి ఆ గడిలోనూ లేదు, పక్క గళ్లలోనూ లేదు. చోటు మాత్రం చాలా ఉంది.

చుట్టలన్నీ మళ్లీ అదే వరసలో పెట్టి మూత వేశాను.

సాయంత్రం దాకా ఫోన్లే. పెద్దన్నయ్య కొడుక్కి బండి లైసెన్సు వచ్చింది. చెల్లెలి కొడుకు మొదటి జీతంలో నుంచి చనిపోయిన మా నాయనమ్మ పేరున పూజ చెప్పించమని డబ్బు పంపాడు. వాడు ఆమెను చూసింది పసివాడిగానే. అయినా మొదటి జీతం, మొదటి కాపు, మొదటి ఈత పాలు, ఏదైనా ముందు ఒక పూజ చెప్పించాకే మిగతా ఖర్చు అన్నది ఈ ఇంట్లో ఎవరూ నేర్పకుండానే వస్తుంది. చిన్నక్క ఇంట్లో పాత స్కూటరు అమ్మేశారట, దానికి కూడా అమ్మ "ఎన్నేళ్లు పనిచేసిందో" అని ఒక నిమిషం విచారించింది.

బుజ్జి బడి నుంచి వచ్చి నేరుగా నాన్న దగ్గర అర్జీ పెట్టింది. నాన్న ఒప్పుకోలేదు. "ముందు సత్ప్రసాదం, తర్వాత రహస్యం. మీ నాన్నకూ అంతే, మీ అత్తకూ అంతే." నా వంతు ఇస్తానన్నాను. "అది నీది కాదు ఇవ్వడానికి, ఇంటిది" అన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో నాన్న ఇంకా మా అందరికీ న్యాయమూర్తి. పై కోర్టు ఒకటి ఉందని ఆయనకు తెలుసు, అది కళ్లలో చుక్కలు వేయించుకుంటూ పక్క గదిలో వింటున్నది.

ఏడున్నరకు చాప పరిచాం. ఇది జపమాల మాసం కాబట్టి ఫోన్లో అందరూ కలుస్తారు. ఇటలీలో వృద్ధాశ్రమంలో పనిచేస్తున్న పెద్దక్కకు అప్పుడు సాయంత్రం నాలుగు, డల్లస్‌లో చిన్నన్నయ్యకు ఉదయం తొమ్మిది. వాళ్ల "ఆమెన్" మనది అయిపోయాక తీరిగ్గా వస్తుంది. నాన్నకు అది చిరాకు.

గురువారం కాబట్టి వెలుగు రహస్యాలు. ఇవి 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చినవి. మా నాయనమ్మ వీటిని చివరిదాకా ఒప్పుకోలేదు. రహస్యాలు పదిహేనే, ఆ పైన ఐదు ఎక్కడి నుంచి వచ్చాయని ఆమె వాదన. గురువారం మేమంతా వెలుగు రహస్యాలు చెబుతుంటే ఆమె మూలన కూర్చుని పాత పద్ధతిలో సంతోష రహస్యాలు ధ్యానించుకునేది. ప్రార్థనా మాలికకు మేం తెలుగులో బదులు చెబితే ఆమె చిన్నప్పుడు వచ్చిన లాటిన్‌లో "ఓరా ప్రో నోబీస్", మా కొరకు ప్రార్థించండి, అనేది. ఎవరి లెక్క సర్వేశ్వరుడికి చేరిందో.

నాన్న మొదటిది, యోర్దానులో జ్ఞానస్నానం. నేను రెండోది, కానా పల్లెలో పెళ్లి. చెబుతున్నంతసేపూ బుజ్జి నా పెదాలనే చూస్తున్నది. మరదలు మూడోది, తమ్ముడు నాలుగోది. తమ్ముడు ఎప్పటిలాగే రైలు పట్టాల మీద పరుగెత్తించాడు.

ఐదోది అమ్మది. "ఐదవ వెలుగు రహస్యం, దివ్యసత్ప్రసాద స్థాపన" అని నాన్నే ప్రకటించి ఆగారు. అమ్మ మాట్లాడలేదు. నల్ల కళ్లద్దాలు సర్దుకుంది. పైట కొంగుతో చెంప ఒత్తుకుంది.

"నాకు కన్ను నీళ్లు కారుతున్నది. బుజ్జి చెబుతుంది."

"ప్రసాదం తీసుకోని పిల్ల ప్రసాదం రహస్యం చెప్పడమా?" అన్నారు నాన్న.

"తీసుకోబోతున్నది కదండీ. అప్పుడు వాళ్లు మాత్రం ముందే తీసుకుని కూర్చున్నారా?"

అపోస్తలుల గురించి మా నాన్నతో ఎవరూ ఇంతవరకు ఇలా వాదించి ఉండరు. ఫోన్లో నుంచి పెద్దక్క నవ్వు వచ్చింది, మామూలుగా కన్నా త్వరగా. నాన్న పూసలు చేతిలో దొర్లించారు. "ఊ, కానివ్వు" అన్నారు.

బుజ్జి మోకాళ్ల మీద నిటారుగా కూర్చుంది. పరలోక జపం గొంతు పట్టేసినట్టు మొదలైంది. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" దగ్గరికి వచ్చేసరికి సర్దుకుంది. దానికి ఇంకా సొంత జపమాల లేదు, వేళ్ల మీద లెక్క. ఎడమ చెయ్యి అయింది, కుడి చెయ్యి అయింది. ఒక వేలు రెండుసార్లు మడిచింది. పదకొండోది మొదలుపెట్టినప్పుడు తమ్ముడు నోరు తెరవబోతే మరదలు మోచేత్తో పొడిచింది. నాన్న కళ్లు మూసుకుని ఉన్నారు, చేతిలో పూస ముందుకు జరపకుండా ఆపి పట్టుకున్నారు. పదకొండోదానికి కూడా అందరం బదులు చెప్పాం. డల్లస్ నుంచి, ఇటలీ నుంచి ఆలస్యంగా వచ్చిన బదులుతో అది పన్నెండులా వినిపించింది.

తర్వాత పిల్లలు వరసగా పెద్దల దగ్గరికి వచ్చి నుదుటి మీద సిలువ గుర్తు వేయించుకున్నారు. నాన్న బుజ్జి నుదుటి మీద వేసి, "పదే ఉంటాయమ్మా" అన్నారు మెల్లగా. అది "తెలుసు తాతయ్యా" అని భోజనానికి పరుగెత్తింది.

పడుకునే ముందు చుక్కలు వేయడానికి వెళ్తే అమ్మ మంచం మీద లేదు. గోడ దగ్గర లైటు కింద నిలబడి ఉంది. కళ్లద్దాలు లేవు, ఎడమ కన్ను చేత్తో మూసుకుంది, కుడి చేతిలో పెన్సిలు. రాయనా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. చాలాసేపు పట్టింది. అక్షరాలు గడి దాటి పదిహేడో తారీకులోకి పోయాయి.

"బుజ్జి. ఐదోది. పదకొండు."