నేను మింగేసిన మాట

మా తాత నెల్లూరు దగ్గర పల్లె నుంచి చెన్నైలోని పెరంబూరు ఐసీఎఫ్‌లో పనికి వచ్చాడు, 1955లో ఆ రైలుపెట్టెల ఫ్యాక్టరీ మొదలైన కొన్నేళ్లకి. అప్పటి నుంచి మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అందుకే మా తెలుగు సంఘానికి తమిళ దైవసేవకులు ఎవరొచ్చినా తర్జుమాకి నన్నే నిలబెడతారు. పదకొండేళ్లుగా ఇదే నా పరిచర్య.

నిజానికి మా సంఘంలో చాలామందికి తమిళం వచ్చు. తర్జుమా కావలసింది వెనక వరసల్లో కూర్చునే పెద్దవాళ్లకి, ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన కోడళ్లకి. ఈ సంగతి మరిచిపోయే ఆ రోజు తప్పు చేశాను.

ఆగస్టులో ఒక ఆదివారం. వచ్చిన అయ్యగారు బైబిల్లోని సుంకరి, అంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య గురించి చెబుతున్నారు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న చోట ఆగి, తమిళంలో అన్నారు: "కొడుక్కి కట్నం పుచ్చుకున్న తండ్రి ఇక్కడుంటే, కానుక పెట్టెలో దశమభాగం వేయొద్దు. ముందు వెళ్లి ఆ డబ్బు పిల్ల తండ్రికి ఇచ్చి రండి."

ముందు వరసలో మా సంఘ పెద్ద. జూన్‌లోనే ఆయన కొడుకు పెళ్లయింది. ఎంత పుచ్చుకున్నారో అందరికీ తెలుసు. మా తమ్ముడికి ఉద్యోగం చూసిపెట్టిందీ ఆయనే. నా గొంతు పట్టేసింది. మైకులో వినబడింది ఇంతే: "ధనాపేక్ష మంచిది కాదు, ప్రియులారా." అయ్యగారికి తెలుగు రాదు. నమ్మకంగా తలూపి ముందుకు సాగిపోయారు.

ఆరాధన అయ్యాక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "దేవుడు నిన్ను బాగా వాడుకున్నాడు తమ్ముడూ" అన్నారు. నాకు సంతోషమేసింది. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఆ సంతోషమే.

చెప్పులు వేసుకుంటుంటే ఒకమ్మాయి దగ్గరికొచ్చింది. "అన్నా, కట్నం మాట మీరు చెప్పలేదేం? ఇంట్లో మా అన్న పెళ్లికి బేరం నడుస్తోంది. మా అమ్మకి తమిళం రాదు. ఆ మాట వింటుందని ఎంత ఆశపడ్డానో."

ఆ రాత్రి బైబిల్లో గలతీ పత్రిక, అంటే గలతీయ సంఘాలకు పౌలు రాసిన ఉత్తరం తీశాను. "నేనిప్పటికిని మనుష్యులను సంతోషపెట్టువాడనైతే క్రీస్తు దాసుడను కాకయేపోవుదును." ఈ వచనం నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. కానీ పౌలు ఆ మాట ఎక్కడ అన్నాడో ఎప్పుడూ పట్టించుకోలేదు. సువార్తను మార్చి చెప్పేవాళ్ల గురించి రాస్తూ అన్నాడు. అంటే నాలాంటివాళ్ల గురించే. దాసుడికి గ్రీకు మాట డూలోస్, బానిస. యజమాని పంపిన కబురులో మాట తీసేసే హక్కు బానిసకి లేదు. రెండో అధ్యాయంలో యేసు శిష్యుడైన పేతురు కూడా మనుషులకు భయపడి అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో భోజనం మానేశాడు. అంతటివాడికీ ఆ భయం పట్టిందని చదివి ఏడ్చాను, కానీ దాన్ని నాకు సాకుగా చేసుకోలేకపోయాను.

మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్లి, "మీకు భయపడి అయ్యగారి మాట మార్చానండీ" అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. తరువాత మూడు నెలలు నన్ను తర్జుమాకి పిలవలేదు. తమ్ముడి ఉద్యోగానికి ఏమవుతుందోనని మా అమ్మ దిగులుపడింది. ఏమీ కాలేదు, ఆయన అలాంటివాడు కాదు. అసలు నా భయానికే ఆధారం లేదు.

అదే రోజు సాయంత్రం వ్యాసార్పాడిలో ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చిందని చెప్పడానికి నేను పోలేదు. అయ్యగారి మాట ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు, తెలుగులో చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఇది ఆయన అన్నదేనా నాయనా, నువ్వు కలిపావా?"

"ఆయన అన్నదేనమ్మా. ఆ రోజు నేనే మింగేశాను."

కాసేపు ఊరుకుని, చేట పక్కన పెట్టి, "ఇంకోసారి చెప్పు" అంది.