150 డిగ్రీల దగ్గర సీజియం పీక్
ఇవాళంతా ల్యాబ్‌లో ఓవెన్ ముందే గడిచింది. గామా కిరణాలు తగిలితే వెలుగు చిమ్మే సోడియం అయొడైడ్ క్రిస్టల్‌ని మెల్లగా వేడి చేస్తూ, పక్కన గామా కిరణాలిచ్చే సీజియం-137 పెట్టి స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని గామాలు నమోదయ్యాయో చూపే గ్రాఫ్) చూడటమే పని. మామూలుగా 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నిటారుగా నిలబడే పీక్, 150 డిగ్రీలు వచ్చేసరికి ఎడమకి జరిగిపోయి, వెడల్పై, నీరసంగా తయారైంది. సీజియం నుంచి వచ్చే గామా ఏం మారలేదు. క్రిస్టల్ ఇచ్చే వెలుగే తగ్గింది.

అందరూ క్రిస్టల్‌నే తిట్టుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు విలన్ ఆ వెలుగుని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్. వేడెక్కితే చాలు, వెలుగు పడకపోయినా దాని ఫోటోక్యాథోడ్ (వెలుగు పడితే ఎలక్ట్రాన్లు వదిలే పూత) నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపడుతూనే ఉంటాయి. ఆ రొదలో చిన్న సిగ్నల్ సంతలో గుసగుసే!

చమురు బావుల్లోకి దించే ఇలాంటి గామా పరికరాలకి ఈ వేడితో పాటు డ్రిల్లింగ్ కుదుపులు కూడా తప్పవు. అందుకే వాటిలో సోడియం-పొటాషియం-యాంటిమొనీ పూత ఉన్న ట్యూబులు పెడతారు, 175 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. (ఈ క్రిస్టల్‌కి తేమ అసలు పడదు, అదో వేరే గోల. గాలి చొరబడని డబ్బాలో బంధించాల్సిందే.)

రేపు లాంథనం బ్రోమైడ్ అనే మరో క్రిస్టల్ వంతు. వేడికి దాని వెలుగు పెద్దగా తగ్గదు. దాని ఖరీదు తలుచుకుంటే మాత్రం ముట్టుకోవడానికే చేతులు వణుకుతున్నాయి.