భోగి మంట దగ్గర మిడ్‌ఫీల్డ్

సంక్రాంతికి కోనసీమ వెళ్తున్నానంటే హైదరాబాదులో అందరూ అడిగేది ఒక్కటే: "పందేలకా?" 2024 జనవరి 13 ఉదయం రాజమండ్రిలో రైలు దిగిన నా తొందర వేరు. సాయంత్రం 5 గంటలకల్లా అంబాజీపేట దగ్గర మా పెద్దమ్మగారి ఊళ్లో టీవీ ముందు కూర్చోవాలి. ఖతర్‌లో ఆసియా కప్ ఫుట్‌బాల్. ఇండియా మొదటి మ్యాచ్ ఆస్ట్రేలియాతో.

పండగ రద్దీలో బస్సు ఎక్కడమే ఒక ఘనకార్యం. జొన్నాడ వంతెన మీంచి చూస్తే గోదావరి పాయ గౌతమి నిండా ఇసుక మేటలే. వంతెన దిగి రావులపాలెం దాటాక మాత్రం రోడ్డు పక్క కాలువ నిండుగా పారుతోంది. నది చిక్కిపోయినా పొలం పచ్చగా ఉండటం ఇక్కడి విచిత్రం. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక మొదలైన ఏర్పాటు ఇది, ఆ పని ఇప్పుడు బ్యారేజీ చేస్తోంది. కొత్తపేట దాకా ఒక పక్క అరటి తోటలు, ఇంకో పక్క దాళ్వా (రెండో పంట వరి) నాట్లు. అంబాజీపేటలో దిగగానే పొట్టిక్కలు తిన్నాను. పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీకి హైదరాబాదులో ఎంత డబ్బు పోసినా ఆ వాసన రాదు.

మా బావ దోహాలో చాలాకాలం డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. కోనసీమలో గల్ఫ్ వెళ్లిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం. అందరూ బంగారమో, ఇంటికి డబ్బో తెస్తే, ఈయన వాటితోపాటు ఫుట్‌బాల్ కూడా తెచ్చాడు. క్యాంపు గదిలో మలయాళీలతో కూర్చుని చూసిచూసి ఆ పిచ్చి పట్టిందట. ఊళ్లో హైస్కూలు గ్రౌండులో ఆడే కుర్రాళ్లంతా ఇప్పుడు ఆయన అరుగు మీదే. ఇంకో పక్క కుర్చీలో రిటైరైన డ్రిల్లు మాస్టారు.

మొదటి సగం అరుగంతా పొంగిపోయింది. పదహారో నిమిషంలో కుడివైపు నుంచి నిఖిల్ పూజారి గోల్ ముందుకి వేసిన క్రాస్‌కి కెప్టెన్ ఛెత్రి తల ఆనించాడు, బంతి పక్కకి పోయింది. అప్పుడు అరుగు మీద లేచిన అరుపుకి వంటింట్లో అరిసెలు వత్తుతున్న పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. వచ్చినావిడ రెఫరీని చూసి అక్కడే నిలబడిపోయింది. జపాన్ రెఫరీ యోషిమి యమషిత, పురుషుల ఆసియా కప్ మ్యాచ్ నడిపిన మొదటి మహిళ ఆవిడే. "ఆవిడ ఈలేస్తే అంతమంది మగాళ్లూ ఆగిపోతన్నారే!" అని పెద్దమ్మ సంబరపడింది. పాకంలో వేసిన పిండి గట్టిపడుతోందని లోపల్నించి కేకేసేదాకా కదల్లేదు.

విరామానికి 0-0. యాభయ్యో నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సరిగ్గా బయటికి కొట్టలేకపోయిన క్రాస్ ఆస్ట్రేలియా ఆటగాడు ఇర్విన్ కాళ్ల దగ్గర పడింది, గోల్. డెబ్భై మూడో నిమిషంలో అప్పుడే దిగిన జోర్డన్ బాస్ రెండోది కొట్టాడు. అంతే, 0-2.

అసలు ఆట అప్పుడు మొదలైంది.

"మధ్యలో ముగ్గురినీ బరువులు మోసేవాళ్లనే పెడితే బంతి ముందుకెవడు తీసుకెళ్తాడు?" అని బావ. ఆయన కోపమంతా దీపక్ తాంగ్రీ మీద. సురేశ్ సింగ్, అపుయా, తాంగ్రీ ముగ్గురూ అడ్డుకునే పనే చేస్తే ఛెత్రి ఒక్కడూ అంత ఎత్తు మనుషుల మధ్య ఏం చేస్తాడని ఆయన ప్రశ్న. అనిరుధ్ థాపాని మొదటి నుంచి ఆడించాలట.

మాస్టారు ఒప్పుకోలేదు. "ఏవయ్యా, వాళ్లది ప్రపంచంలో 25వ ర్యాంకు, మనది 102. 2011లో ఇదే ఖతర్‌లో వీళ్లే మనకి నాలుగు కొట్టారు. అప్పటికంటే రెండు తగ్గాయి కదా! కోచ్ గోడ కట్టాడు, గోడ సగం ఆట నిలబడింది." అని, ఊపిరి తీసుకుని, "1956 మెల్‌బోర్న్‌లో వాళ్ల గడ్డ మీదే మనం 4-2తో కొట్టాం తెలుసా? నెవిల్ డిసౌజా మూడు గోల్సు. రహీం సాబ్ కోచ్. మన హైదరాబాదీ" అన్నారు. ఆయన రహీం సాబ్ పేరెత్తితే ఇక ఆపడం కష్టమని కుర్రాళ్లకి తెలుసు. ఒకడు మెల్లిగా "మాస్టారండీ, ఆ లెక్కలు ఇప్పుడు పన్జెయ్యవండీ" అన్నాడు. "ఆయ్, పన్జెయ్యవు. ఎందుకు పన్జెయ్యవో చెప్పు మరి" అని ఆయన వాణ్ణే నిలదీశారు.

తెల్లారుజామున భోగి మంట దగ్గర కూడా ఇదే గొడవ. కొబ్బరి మట్టలు చిటపటలాడుతుంటే బావ మేనకోడలి మెడలోని భోగి పిడకల దండ లాక్కుని, మంట వెలుగులో నేల మీద జట్టుని పేర్చాడు. వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. మధ్య పిడకల్లో ఒకటి పైకి జరిపి "ఇదిగో, ఇక్కడ సహల్ ఉండాలి" అన్నాడు. చీలమండ గాయంతో సహల్ ఆడలేదని గుర్తుచేశాను. జీక్సన్ సింగ్ అసలు ఖతర్‌కే వెళ్లలేదు, భుజం గాయం. వెనక అన్వర్ అలీ లేడు, పక్కన ఆషిక్ లేడు. కోచ్ స్టిమాచ్ చేతిలో ఉన్న పిడకలే ఇవి, లేనివాటి గురించి తిట్టి ఏం లాభం? ఆ పిల్ల మాత్రం మా ఇద్దరి వాదనా వినకుండా తన పిడకలన్నీ ఏరుకుని మంటలో వేసేసింది. దాని పుణ్యమా అని భారత జట్టు మొత్తం కాలిపోయింది.

నా లెక్క వేరే. రెండు గోల్సూ నేరుగా మిడ్‌ఫీల్డ్ (మధ్యలో ఆడేవాళ్ల) తప్పుతో వచ్చినవి కావు. ఒకటి గోల్‌కీపర్ చేతుల దగ్గర, ఒకటి అలిసిపోయిన పక్క నుంచి వచ్చాయి. కానీ అలుపెందుకొచ్చింది? మనవాళ్లు బంతి లాక్కున్న ప్రతిసారీ రెండో పాస్‌కే పోగొట్టుకున్నారు. వెనక్కి తిరిగి ఉన్నవాడు బంతి అందుకుని, ఒక్క మలుపులో ముందుకు తిరగాలి. ఆ రోజు మైదానంలో అది కాస్తైనా చేతనైనవాడు అపుయా ఒక్కడే, అతని చుట్టూ ఎప్పుడూ ఇద్దరు పసుపు చొక్కాలవాళ్లు. బావ చూసిన లోటు నిజమే, మాస్టారు చెప్పిన కారణమూ నిజమే. ఆ సంగతి చెబితే ఇద్దరూ నన్ను గోడ మీద పిల్లి అన్నారు.

పెద్ద పండగ రోజు తిండి తప్ప చెప్పుకోడానికేం లేదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి మోసుకొచ్చే చట్రాలు, అక్కడికొస్తాయి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ తీర్థమే. అయితే శకటంలో చూపించలేనిది ఒకటుంది. గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక దాటే ఘట్టం. రంగురంగుల నూలు, గుడ్డలు చుట్టిన ఆ ఎత్తైన ప్రభని భుజాల మీద పెట్టుకుని కుర్రాళ్లు కాలువలోకి దిగితే, "అశ్శరభ శరభ" అన్న కేకలకి గట్టు మీద మనకే గుండె దడదడలాడుతుంది. ఛాతీ దాకా నీళ్లు. కాళ్ల కింద బురద. ప్రభ ఓ పక్కకి ఒరిగితే తాళ్లు పట్టుకున్నవాళ్లు ఇంకో పక్కకి లాగుతారు.

అప్పుడు మాస్టారు నా మోచెయ్యి గిల్లారు. "ముందు నడిచేవాడి ఫొటో రేపు పేపర్లో వస్తుంది. నడుమ కింద దూరినవాళ్లని చూడు, మొహాలు కూడా కనపడవు. వాళ్లలో ఒకడు అడుగు తడబడితే దేవుడు నీళ్లలోకే. మీ బావకి చెప్పు, తాంగ్రీ అక్కడుండేవాడు." బావ పక్కనే ఉన్నాడు, విన్నాడు. "అవునండి, కానీ అందరూ మోసేవాళ్లే అయితే గట్టు ఎక్కించే దారి చూపించేవాడేడీ?" అన్నాడు. ప్రభ గట్టెక్కింది. వాళ్లిద్దరూ మాత్రం ఎక్కలేదు.

తిరుగు ప్రయాణం 18న నరసాపురం నుంచి. చించినాడ వంతెన మీదుగా బస్సులో వెళ్లొచ్చు గానీ, నాకు పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పడవ) ఎక్కకపోతే కోనసీమ వెళ్లినట్టుండదు. సఖినేటిపల్లి రేవులో బైకులు, ఆటోలు, గంపలతో ఆడవాళ్లు, అందరం ఒకే చెక్క మీద. వశిష్ఠ పాయ మీద ఆ కాసేపు గాలికి ఫోను జేబులో పెట్టేయాల్సిందే.

ఆ రాత్రి 8 గంటలకి ఉజ్బెకిస్తాన్‌తో మ్యాచ్, రైల్లో ఫోన్లో చూశాను. బావ మాట స్టిమాచ్‌కి ఎవరు చేరవేశారో గానీ, తాంగ్రీ స్థానంలో థాపా దిగాడు. ఛాంగ్తే బదులు మహేశ్, సుభాశిష్ బదులు ఆకాశ్ మిశ్రా. నాలుగో నిమిషానికే ఫైజుల్లాయెవ్ గోల్. పద్దెనిమిదో నిమిషంలో సెర్గెయెవ్. విరామానికి ముందు ఇంకోటి. సిగ్నల్ పోయి వచ్చిన ప్రతిసారీ స్కోరు మారిందేమోనని భయం, 0-3తో ఆగింది.

బావ ఫోన్ చేశాడు. నేనే ముందు అందుకున్నాను: "థాపా వచ్చాడుగా, ఇప్పుడేమంటారు?" అటు కాసేపు టీవీ చప్పుడు. "థాపా పక్కన సహల్ ఉండాలి" అన్నాడు. వెనక నుంచి మాస్టారి గొంతు: "తాంగ్రీని తీసేశాడు చూడు, గోడ కూలింది!"

23న సిరియా మీద సహల్ రెండో సగంలో దిగాడు. డెబ్భై ఆరో నిమిషంలో ఖ్రిబిన్ గోల్, 0-1. మూడు మ్యాచ్‌ల్లో మనకి ఒక్క గోలూ లేదు. బావ అప్పుడిక కోచ్‌ని మార్చమన్నాడు. మాస్టారు జీక్సన్ భుజం ఎప్పుడు బాగవుతుందో కనుక్కోమని నాకు కబురు పెట్టారు.