తోడబుట్టినవాడి చావు

టెడ్ లూయిస్ నవల 'జాక్స్ రిటర్న్ హోమ్' రాత్రి ముగించాను. మనసింకా అందులోనే ఉంది. 1970లో వచ్చిన పుస్తకం ఇది. మరుసటి ఏడాదే 'గెట్ కార్టర్' పేరుతో, మైకేల్ కెయిన్ హీరోగా సినిమా అయింది.

లండన్ ముఠాలో పనిచేసే జాక్ కార్టర్, తోడబుట్టిన ఫ్రాంక్ పోయాడని తెలిసి సొంతూరు వస్తాడు. తాగి కారు నడిపాడంటారు. జాక్ నమ్మడు. కథంతా అతనే చెబుతాడు, అదీ గొంతు పెంచకుండా. మనిషిని కొట్టడం గురించి కూడా కోటు విప్పి తగిలించినంత మామూలుగా చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

అది ఉక్కు కార్ఖానాల ఊరు. నేను చదివిందేమో అమలాపురంలో, ముసురు పట్టిన రోజుల్లో, అరుగు మీద కూర్చుని. అయినా ఆ ఊరు నాకు కొత్తగా అనిపించలేదు. మా కోనసీమలోనూ చావింటి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి అసలు సంగతి తెలిసే ఉంటుంది. "మంచోడండీ, పాపం" అనేసి, కండువా దులుపుకుని లేచిపోతారు. జాక్‌కి ఎదురైన ప్రతి మనిషీ అలాంటివాడే.

తుపాకులకంటే నన్ను కుదిపేసింది ఫ్రాంక్ కూతురు డోరీన్. పగ తీర్చుకునే తొందరలో ఉన్న పెద్దవాళ్ళెవరూ ఆ పిల్లని కూర్చోబెట్టి మాట్లాడరు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

సినిమా చూసేశామనుకునేవాళ్ళు కూడా పుస్తకం చదవండి. నా కాపీ మా తమ్ముడు అడిగాడు, రేపు రావులపాలెం వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తున్నాను.