వాపసు చేసిన చీటీ, తగ్గిన టిక్కీలు

ఉదయం ఎనిమిదిన్నరకే కోల్డ్ స్టోరేజీ గుమస్తాగారు ఫోను చేశారు. "అమ్మాయ్, నిన్న ఆ సరుకు విడుదల చీటీ వాపసు చేశాం కదా, సరుకు గుమ్మం దాటనే లేదు. కంప్యూటర్లో మాత్రం 40 టిక్కీలు (బస్తాలు) తగ్గి కనిపిస్తున్నాయేంటమ్మా?" అన్నారు. ఆ చీటీలో రెండు లాట్లు ఉన్నాయనీ, రెండో లాటులో సరుకు చాలలేదనీ అడిగి తెలుసుకున్నాను. "ఒక్క లాటు చాలకపోయినా చీటీ మొత్తం వాపసేనమ్మా, మొదటి దానిలోనూ ముట్టుకోకూడదు" అని ఆయన చెప్పిన మాటను కాగితం మీద రాసుకున్నాను. బ్రాడీపేటలోని నా గదిలో ఈ రోజంతా ఆ ఒక్క వాక్యంతోనే గడిచింది.

ఆ కంప్యూటర్ ప్రోగ్రాములో నిల్వల లెక్క చూసే భాగాన్ని హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, స్థితిని, అంటే అప్పటికి ఉన్న లెక్కను, ఒక పని నుంచి తరువాతి పనికి అందిస్తూ పోయే స్టేట్ మోనాడ్ అనే ఏర్పాటు మీద నేనే రాశాను. దానికి పరీక్షలు లేకపోలేదు; చాలని లాటును అడిగితే సరైన తిరస్కరణ వస్తుందా అని చూసేది కూడా ఉంది. కానీ ఆ పరీక్షలన్నీ ఎవాల్‌స్టేట్ అనే ఫంక్షన్‌తో నడుస్తున్నాయి. అది ఫలితాన్ని మాత్రమే ఇచ్చి, చివర మిగిలిన స్థితిని పారేస్తుంది. రన్‌స్టేట్ రెండింటినీ ఇస్తుంది. లెక్కల పుస్తకం నడిపే ప్రోగ్రాములో జవాబును మాత్రం చూసి పుస్తకాన్ని చూడకపోవడం నా తప్పు, అది నన్ను నిజంగా బాధపెట్టింది.

రన్‌స్టేట్‌తో ఇంకొక పరీక్ష చేర్చి ఊరుకోవచ్చు, కానీ అది నాకు ఇప్పటికే తెలిసిన తప్పును మాత్రమే పట్టుకుంటుంది. అందుకని, యాదృచ్ఛికంగా ఉదాహరణలు పుట్టించి కోడ్‌ను పరీక్షించే క్విక్‌చెక్ అనే సాధనాన్ని తెరిచాను. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ దీనిని 2000లో ప్రకటించారు; స్థితిని మార్చే మోనాడిక్ కోడ్‌ను ఎలా పరీక్షించాలో 2002లో మరొక పత్రంలో వివరించారు. ఆ పత్రంలో నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన ఒకటుంది: రెండు స్థితులు ఒకటేనా అన్నది వాటి లోపలి అమరికను బట్టి కాక, ఆ తరువాత ఏ పనులు చేయించినా వాటి జవాబుల్లో తేడా కనబడుతుందా లేదా అన్నదానిని బట్టి తేల్చవచ్చు. గుమస్తాగారి చిట్టా లాంటి చిన్న నమూనా రాసుకున్నాను. అందులో లాటుకు ఎన్ని టిక్కీలో చెప్పే పట్టిక తప్ప మరేమీ లేదు. చీటీ కుదరకపోతే పాత పట్టికే మిగులుతుంది. దించడం (సరుకును లోపలికి చేర్చడం), విడుదల చేయడం, నిల్వ అడగడం అనే మూడు పనులను యాదృచ్ఛికంగా వరుసలు కట్టి, అసలు ప్రోగ్రాము మీదా నమూనా మీదా నడిపి, ప్రతి జవాబునూ పోల్చమన్నాను.

వంద వరుసలూ నెగ్గాయి. సంతోషించవలసిన చోట అనుమానం వచ్చింది, ఎందుకంటే తప్పు ఉందని నాకు ఫోనులోనే తెలిసింది. ఏ వరుసలో ఏం జరుగుతోందో లేబుళ్లు పెట్టి చూస్తే, లాటు నంబర్లు మరీ విశాలమైన పరిధిలో పుట్టడం వలన దాదాపు అన్ని చీటీలూ మొదటి లాటు దగ్గరే, అసలు లేని లాటును అడిగి, ఆగిపోతున్నాయి. నాలుగే లాట్లు ఉండేలా, ఉదాహరణలను పుట్టించే జనరేటరును కుదించగానే పెద్ద వరుస ఒకటి విఫలమైంది. క్విక్‌చెక్ దానిని కత్తిరించుకుంటూ పోయి మూడు మెట్లకు తెచ్చింది: ఒకటో లాటులో 1 టిక్కీ దించు, ఒకటో లాటు నుంచి 1, రెండో లాటు నుంచి 1 విడుదల చేయి, ఒకటో లాటు నిల్వ అడుగు. నమూనా 1 అంటుంది, నా ప్రోగ్రాము 0 అంటుంది.

కారణం మోనాడ్లను పేర్చిన వరుసలో ఉంది. నేను స్టేట్ మీద, తప్పిదాలను చూసుకునే ఎక్సెప్ట్‌టీ అనే పొరను పెట్టాను. అలా పెడితే తప్పిదం విసిరినా, దానిని పట్టుకున్నా, అప్పటిదాకా మారిన స్థితి మారినట్టే ఉంటుంది. అలా కాక, ఫలితమో తప్పిదమో ఏదో ఒకటే ఇచ్చే ఈదర్ మీద, స్థితిని మోసే స్టేట్‌టీ పొరను పెడితే పట్టుకున్న చోట పాత స్థితి తిరిగి వస్తుంది. తలకిందులు చేద్దామనుకున్నాను గానీ, అప్పుడు వాపసు చేసిన చీటీల జాబితా కూడా ఆ స్థితితో పాటే చెరిగిపోతుంది, అది గుమస్తాగారికి తప్పనిసరిగా కావాలి. వరుసను అలాగే ఉంచి, తగ్గించే ముందే అన్ని లాట్లూ చాలతాయో లేదో చూసేలా మార్చాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మరొక ఉదాహరణ సిద్ధంగా ఉంది: ఒకే చీటీలో ఒకే లాటు రెండుసార్లు. విడివిడిగా చూస్తే రెండూ చాలతాయి, కలిపితే చాలవు. ఇది నా ఊహకు ఎన్నటికీ తట్టేది కాదు.

చివరకు నమూనాలో చేసిన పనినే అసలు కోడ్‌లోనూ చేశాను. కొత్త పట్టికను ఈదర్‌లో పక్కన లెక్కకట్టి, చీటీ మొత్తం కుదిరితేనే ఒక్కసారి స్థితిలో పెడుతున్నాను. 10,000 వరుసలు నెగ్గాయి, ఈసారి లేబుళ్లు కూడా చూసుకున్నాను.

వాపసు జాబితా చెరగకుండా ఉంది కనుక, ఈ సీజనులో వెనక్కి పంపిన చీటీలన్నీ అందులోనే దొరికాయి. మొత్తం 11. వాటిలో ఏయే లాట్లు తక్కువ చూపిస్తున్నాయో రేపు ఉదయం గుమస్తాగారి చిట్టా పక్కన పెట్టుకొని, ఇద్దరం కలిసి సరిచేయాలి.